మోటారు సైకిలు యాత్రా ఉపకరణాలు

మోటారు సైకిలు యాత్రా ఉపకరణాలు అనగా దూర ప్రయాణం కొరకు మోటారు సైకిలుకు అదనంగా బిగించుకొనే, లేదా నడిపేవారు ధరించే వస్తువులు. శిరస్త్రాణం (హెల్మెట్), సామాను పెట్టెలు, సంచులు, అదనపు దీపాలు, క్రాష్ గార్డు, గాలి అద్దం, మెరుగైన టైర్లు, సీటు మొదలైనవి ఈ కోవలోనికి వస్తాయి. బండికి చేర్చే ప్రతి వస్తువు దాని బరువునో, బ్యాటరీ శక్తినో, నిలకడనో కొంత వాడుకుంటుంది. కనుక ఏది కొనాలి అన్న ప్రశ్నతో పాటు ఏది లేకపోయినా సాగుతుంది అన్న ప్రశ్న కూడా ముఖ్యమైనదే. ఈ వ్యాసంలో శ్రీకాళహస్తి, తిరుపతి ప్రాంతపు దారులను, వాతావరణాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ ఎంపిక వివరించబడినది.

ప్రాంతం, దారులు

శ్రీకాళహస్తి స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. ఇది పూర్వం చిత్తూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. మదనపల్లె నుండి తిరుపతి, రేణిగుంట, ఏర్పేడు మీదుగా వచ్చే 71వ నంబరు జాతీయ రహదారి ఈ పట్టణాన్ని దాటి నాయుడుపేట వద్ద చెన్నై - కోల్‌కతా రహదారిని కలుస్తుంది. తిరుమల, తలకోన, హార్సిలీ హిల్స్, పులికాట్ సరస్సు వంటి చోట్లకు ఇక్కడి నుండి బండ్లపై వెళ్ళివస్తుంటారు. ఒకే ప్రయాణంలో లారీలు తిరిగే రహదారి, కొండ మలుపులు, ఇసుక పేరుకున్న పల్లె దారి మూడూ ఎదురుకావచ్చు.

యాత్రా బండి అనగానే రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ గుర్తుకు వస్తుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిన తరువాత ఈ బండ్లు తిరువొత్తియూరులో తయారైనాయి. ఆ సంస్థే 2016లో విడుదల చేసిన హిమాలయన్ బండికి సామాను పెట్టెలు బిగించే ఏర్పాటు తయారీలోనే కలదు. అయితే ఈ దారులలో 100 - 125 సీసీ బండిపై ఇద్దరు కూర్చొని, మధ్యలో ఒక సంచి పెట్టుకొని వచ్చేవారు కూడా చాలామంది. వారికి ఈ విషయం మరింత అవసరం, ఎందుకంటే చిన్న బండి మోయగల అదనపు బరువు తక్కువ.

సామాను, బరువు

బండి మోయగల గరిష్ఠ బరువును తయారీదారు నిర్ణయిస్తాడు. దానిలో నుండి బండి సొంత బరువును, కూర్చొనే ఇద్దరి బరువును తీసివేయగా మిగిలినదే సామానుకు దక్కుతుంది. పెట్టెలు, వాటిని మోసే ఇనుప చట్రం కూడా ఈ లెక్కలోనికే వస్తాయి. ఖాళీ పెట్టెలే మిగిలిన బరువులో చాలా భాగం తీసుకొనే పక్షంలో గుడ్డ సంచులే మేలు.

ఎంత బరువు అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా చూడాలి. రెండు ఇరుసుల మధ్య దూరం 140 సెం.మీ. అనుకొందాం. వెనుక ఇరుసుకు 28 సెం.మీ. వెనుకగా 20 కిలోల పెట్టెను బిగిస్తే వెనుక చక్రంపై 24 కిలోలు పడి, ముందు చక్రంపై 4 కిలోలు తగ్గుతాయి. ఇది తూనిక తక్కెడ సూత్రమే. ముందు చక్రం తేలికైతే హ్యాండిల్ వణుకుతుంది, మలుపులలో పట్టు తగ్గుతుంది. కనుక బరువైన వస్తువులు కిందుగా, ఇరుసుకు ముందుగా, రెండు పక్కల సమానంగా ఉండాలి. వెనుక పెట్టెలో బట్టలు, వాన కోటు వంటి తేలిక వస్తువులు ఉంచవచ్చు.

పక్క పెట్టెల చట్రం బిగించటానికి కొన్నిచోట్ల శారీ గార్డును తీసివేస్తుంటారు. ఇది పెద్ద పొరపాటు. వెనుక కూర్చొన్నవారి చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకొని జరిగే ప్రమాదాలను నివారించేది ఆ గార్డే. కేంద్ర మోటారు వాహన నియమాలు (1989) వెనుక చక్రంలో కనీసం సగభాగానికి ఇటువంటి కప్పు ఉండాలని చెబుతున్నాయి. గార్డును ఉంచనివ్వని పెట్టెలను, ఎంత అందమైనవైనా, కుటుంబంతో వెళ్ళేవారు కొనకూడదు.

శిరస్త్రాణం, దుస్తులు

డబ్బు పరిమితంగా ఉన్నపుడు మొదట కొనవలసినవి ఇవే. ద్విచక్ర వాహనదారుల శిరస్త్రాణాలకు భారత ప్రమాణాల గుర్తు 2021 జూన్ 1 నుండి తప్పనిసరి అయినది. గడ్డం కింది పట్టీ బిగించకపోతే, ప్రమాదంలో అది తలపై నిలవదు. వెనుక కూర్చొనేవారికి కూడా అంతే మంచిది కొనాలి. నడిపేవారికి ఖరీదైనది, వెనుకవారికి నామమాత్రపుది కొనే అలవాటుకు అర్థం లేదు.

వేసవిలో ఈ ప్రాంతపు ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. శరీరం కంటే గాలి వేడిగా ఉన్నపుడు చేతులు కప్పుకోకుండా నడిపితే చల్లబడరు సరికదా, చెమట త్వరగా ఆరిపోయి ఒంట్లో నీరు తగ్గుతుంది. లోపల తడిపిన నూలు బనియను, పైన మోచేతులు, భుజాల వద్ద గట్టి పొరలు గల జాలీ జాకెట్ అనువైనవి.

టైర్లు, బ్రేకులు

వెడల్పాటి టైరు వేయిస్తే పట్టు పెరుగుతుందన్నది ఒక అపోహ. అదే రిమ్ముపై వెడల్పు టైరు ఎక్కిస్తే దాని గుండ్రటి ఆకారం మారి, బండి మలుపులో వంగే తీరు చెడవచ్చు. కొన్ని బండ్లలో గొలుసుకు రాసుకుంటుంది కూడా. తయారీదారు చెప్పిన కొలతలోనే నాణ్యమైన టైరు ఎంచుకోవాలి. బరువు ఎక్కినపుడు గాలి ఎంత ఉండాలో బండి పుస్తకంలో చూడవచ్చు. ట్యూబ్‌లెస్ టైరుకు పంక్చరు వత్తులు, చిన్న గాలిపంపు చాలును. ఊచల చక్రాలకు సాధారణంగా ట్యూబు ఉంటుంది కాబట్టి అదనపు ట్యూబు, దానిని మార్చటం తెలిసిన చేతులు కావాలి.

తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు దిగటానికి, 1974 నాటి రెండవది ఎక్కటానికి వాడుకలో ఉన్నాయి. దిగేటపుడు పెట్రోలు ఆదా కొరకు ఇంజను ఆపి జారవిడిస్తే బండి భారమంతా బ్రేకులపై పడి అవి వేడెక్కుతాయి. తక్కువ గేరులో దిగటమే పద్ధతి. యాత్రకు ముందు కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించుకోవటం ఏ అలంకరణ కంటే విలువైన మార్పు.

దీపాలు, విద్యుత్తు

55 వాట్ల హాలోజెన్ దీపాలు రెండు కలిపితే 110 వాట్లు. 12 వోల్టుల బండిలో ఇవి సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. 20 వాట్ల ఎల్‌ఇడి దీపాలు రెండైతే 3.3 ఆంపియర్లు సరిపోతుంది. చిన్న బండ్ల విద్యుత్ ఉత్పత్తి పరిమితం కాబట్టి రెండవదే మేలు. ఏ దీపానికైనా విడిగా ఫ్యూజు, రిలే ఉండాలి. అసలు తీగలను కోసి అతుకువేస్తే వారంటీ చిక్కులే కాక మంటలు కూడా రావచ్చు. దీపపు కాంతి ఎదురువచ్చేవారి కళ్ళలో పడకుండా కిందికి వంచి బిగించాలి.

వర్షాకాలం

ఇక్కడ భారీ వర్షాలు ఎక్కువగా అక్టోబరు - డిసెంబరు నెలలలో, ఈశాన్య రుతుపవనాల వలన కురుస్తాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి ప్రవహించినది. ఆ డిసెంబరు మొదట్లో తిరుమల ఘాట్ రోడ్డుపై కొండరాళ్ళు విరిగిపడినాయి. నీరు చొరని సంచి, మెరిసే పట్టీలు గల వాన కోటు ఈ కాలంలో అవసరమే. కాని పారే నీటిలో మునిగిన కాజ్‌వేను దాటించే ఉపకరణమేదీ లేదు.

చట్టం

మోటారు వాహనాల చట్టం (1988) 52వ విభాగం ప్రకారం తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువీకరించినది. పెద్ద శబ్దం చేసే సైలెన్సర్లు, ప్రెషర్ హారన్లు నిషిద్ధం. వెనుక అమర్చే తేలిక పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లకు మించరాదని 2020లో నియమాలకు సవరణ వచ్చినది. ఆ పెట్టెను వెనుక సీటుపై పెడితే రెండవ వ్యక్తి కూర్చొనరాదు.

అమరిక

కొత్తగా బిగించిన చట్రాల బోల్టులు కంపనకు వదులవుతాయి. కనుక ఏర్పాటంతా పూర్తయిన తరువాత నిండు బరువుతో శ్రీకాళహస్తి నుండి తిరుపతి వరకు పోయి వచ్చేటంత దూరం నడిపి, బోల్టులను మరల బిగించి, సంచుల పట్టీలు సైలెన్సరుకు గాని చక్రానికి గాని తగలటం లేదని చూచుకొన్న పిదపనే పెద్ద యాత్రకు బయలుదేరుట మంచిది.