ఆకాశరామన్న ఇప్పుడు ఈమెయిల్ రాస్తున్నాడు



మన చిన్నప్పుడు ఇళ్లకి వచ్చే కార్డులు గుర్తున్నాయా? ఫలానా గుడిలో పాము మాట్లాడింది, ఈ సంగతి ఇంకో పదిమందికి రాయకపోతే ఇంట్లో కీడు జరుగుతుంది అని ఉండేది. "ఎందుకొచ్చిన గొడవ" అనుకుని చాలామంది కార్డులు కొనుక్కొచ్చి రాసేసేవారు. ఆ కార్డు మొదలుపెట్టినవాడికి మన ఇల్లూ తెలీదు, పేరూ తెలీదు. అయినా భయం పనిచేసేది. ఇంకోటి ఆకాశరామన్న ఉత్తరం. సరిగ్గా పెళ్లి సంబంధం కుదిరే వేళకి ఊడిపడేది. దాన్ని మాత్రం మనల్ని బాగా ఎరిగినవాళ్లే రాసేవారు.

ఇప్పుడు కొందరికి వస్తున్న బెదిరింపు ఈమెయిల్ ఈ రెండూ కలిసిన రకం. "నీ కంప్యూటర్‌లో దూరాను, కెమెరాలోంచి నిన్ను వీడియో తీశాను, 48 గంటల్లో డబ్బు పంపకపోతే నీ కాంటాక్టులందరికీ పంపిస్తాను" అని ఉంటుంది. చదివితే ఆకాశరామన్న రాసినట్టే ఉంటుంది. నిజానికి అది ఆ పాము కార్డే. ఎలాగో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ మాట సంగతి. బ్లాక్‌మెయిల్‌లో ఉన్న "మెయిల్"కి పోస్టుతో సంబంధం లేదు. స్కాట్లండ్ భాషలో ఆ మాటకి అద్దె, శిస్తు అని అర్థం. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దుల్లో దోపిడీ ముఠాలు తిరిగేవి. రైతులు వాళ్లకి కప్పం కట్టేవారు. దానికి బదులుగా దొరికేది ఒక్కటే, మా పశువుల జోలికి రారన్న మాట. తర్వాత కాలంలో, గుట్టు బయటపెట్టకుండా ఉండటానికి తీసుకునే డబ్బుకి ఆ పేరు స్థిరపడింది. ఇంగ్లండ్‌లో పేరు లేని ఉత్తరాలతో డబ్బు అడగడం ఎంత బెడద అయిందంటే, 1723లో వచ్చిన బ్లాక్ యాక్ట్ దాన్ని మరణశిక్ష పడే నేరాల్లో చేర్చింది. అప్పట్లో బెదిరించాలంటే ఒక మనిషిని ఎంచుకోవాలి, ఉత్తరం రాయాలి, డబ్బు తీసుకోవడానికి ఎక్కడో ఒకచోట కనిపించాలి. దొరికిపోయేది అక్కడే.

ఈ ఇబ్బందులన్నీ మన కాలంలో ఒక్కొక్కటే తొలగిపోయాయి.

మొదటిది, పంపినవారి పేరు. ఈమెయిల్ పంపే పద్ధతికి 1982లో నియమాలు రాసినప్పుడు, పంపినవాడు నిజంగా వాడేనా అని చూసే ఏర్పాటు పెట్టలేదు. కవరు మీద ఫ్రమ్ అడ్రసు ఎవరిదైనా రాసి డబ్బాలో వేయొచ్చు కదా, అలాగే. తర్వాత తనిఖీలు వచ్చినా, వాటిని తప్పించుకుని వచ్చేవి ఇంకా ఉన్నాయి. అందుకే మన అడ్రసు నుంచే మనకి మెయిల్ వచ్చినట్టు కనిపిస్తుంది. "చూడు, నీ అకౌంట్ నా చేతిలో ఉంది" అంటాడు. అది మాత్రమే రుజువు కాదు.

రెండోది, పాస్‌వర్డు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి దొంగిలించిన వివరాలు 2016లో అమ్మకానికి వచ్చాయి. సుమారు 11.7 కోట్ల మంది ఈమెయిళ్లు, పాస్‌వర్డులు అందులో ఉన్నాయి. 2013లో అడోబి నుంచి కూడా పోయాయి. ఇలాంటి జాబితాలు చేతులు మారుతూనే ఉంటాయి. వాడికి మన పాస్‌వర్డు దొరికేది మన కంప్యూటర్లో కాదు, ఆ జాబితాలో.

మూడోది, డబ్బు. 2009లో బిట్‌కాయిన్ వచ్చాక తీసుకునేవాడు మొహం చూపించక్కర్లేదు, బ్యాంకు అకౌంటూ అక్కర్లేదు.

ఈ మూడూ కలిసి 2018 జులైలో పెద్ద ఎత్తున బయటపడ్డాయి. ఎప్పుడో వాడి వదిలేసిన పాస్‌వర్డు మెయిల్ మొదట్లోనే కనిపించేసరికి చాలామంది హడలిపోయారు. అదే ఏడాది డిసెంబరు 13న అమెరికా, కెనడాల్లో బడులకీ ఆఫీసులకీ "బాంబు పెట్టాం, బిట్‌కాయిన్ పంపండి" అని మెయిళ్లు వెళ్లాయి. బాంబులేమీ దొరకలేదు. 2024లో అమెరికాలో ఇంటి ఫొటో కూడా పెట్టి పంపడం మొదలైంది. ఆ ఫొటో ఇంటర్నెట్ మ్యాపుల్లో ఎవరికైనా కనిపించేదే.

అన్నిటికన్నా ధైర్యం చెప్పే లెక్క 2019లో వచ్చింది. చెక్ పాయింట్ అనే సెక్యూరిటీ సంస్థ, ఫోర్పిక్స్ అనే ముఠా నెట్‌వర్క్‌ని గమనించింది. అది గంటకి 30,000 బెదిరింపు మెయిళ్ల దాకా పంపగలదు. ఒక్కసారి ఆలోచించండి. గంటకి 30,000 మందికి రాసేవాడు మనింట్లోకి తొంగి చూసి రాస్తాడా? అయినా అయిదు నెలల్లో వాడికి లక్ష డాలర్లకి పైగా ముట్టింది. వాడి చేతిలో వీడియో లేదు. ఉన్నదల్లా మన సిగ్గు.

ఆ సిగ్గు మన దగ్గర ఇంకొంచెం ఎక్కువ. ఆయనకి తెలిస్తే ఏమంటారో, అత్తగారి వాళ్లకి వెళ్తే ఎలా, వీసాకి ఏమైనా అవుతుందా, పోలీసులకి చెబితే నన్నే తప్పు పడతారేమో... నైట్ డ్యూటీ మధ్యలో ఫోన్లో ఇది చదివి, డ్యూటీ అయ్యేదాకా లోపలే కుమిలిపోయే పిల్లని ఊహించుకోండి. గడువు 48 గంటలే పెట్టడం అందుకే, ఎవరితోనూ చెప్పుకునే వ్యవధి ఇవ్వకుండా.

కాబట్టి అలాంటిది వస్తే ఇలా చూడండి. వీడియో ఉందంటాడు, ఒక్క బొమ్మ కూడా చూపించడు. పాస్‌వర్డు పాతది. మన గురించి రాసిన మాటలు ఎవరికైనా సరిపోతాయి. అందులో ఒక వాక్యం గూగుల్‌లో వెతికితే చాలాసార్లు అదే మాట ఇంకెవరికో వచ్చినట్టు కనిపిస్తుంది.

జవాబు ఇవ్వొద్దు, డబ్బు పంపొద్దు, జతచేసిన ఫైలు తెరవొద్దు. ఆ పాస్‌వర్డు ఇంకా ఎక్కడైనా వాడుతుంటే వెంటనే మార్చండి, ఫోనుకి కోడ్ వచ్చే రెండో తాళం పెట్టుకోండి. మన వివరాలు ఏ జాబితాలోనైనా ఉన్నాయేమో ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" అనే సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. అమెరికాలో అయితే ఎఫ్‌బీఐ వారి ఐసీ3కి తెలియజేయొచ్చు. ఇండియాలో ఉన్న మనవాళ్లు డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమనండి.

ఒక్క సంగతి మాత్రం వేరు. ఎవరో నిజంగానే ఫొటో చూపించి బెదిరిస్తుంటే, ముఖ్యంగా పిల్లల్ని, అది గంటకి 30,000 పంపే మెయిల్ కాదు. దాన్ని కొట్టిపారేయకండి. అప్పుడు కూడా డబ్బు ఇవ్వొద్దు. మెసేజ్‌లు చెరిపేయకుండా దాచి పోలీసులకి చెప్పండి. పిల్లల్ని తిట్టకండి. తిడతామన్న భయంతోనే వాళ్లు మన దగ్గర దాస్తారు.

సరిహద్దు రైతుకి కప్పం కట్టక తప్పలేదు, ఎదురుగా కత్తి ఉంది కాబట్టి. మన ఎదురుగా ఉన్నది ఒట్టి కాగితం, అది కూడా లేదు. ఈసారి ఎవరికైనా ఇలాంటిది వస్తే ఏ వేళైనా సరే, మొహమాటపడకుండా గ్రూపులో పెట్టండి. పెట్టలేకపోతే ఒక్క అక్కకైనా ఫోన్ చేయండి.