దూతరక్షయు ఋణదాతయు

దూత యవధ్యుఁడని మన పూర్వులు విధించిరి. ఆ విధి యెంతవఱకు వ్యాపించునో విచారింపవలసియున్నది. సుందరకాండమున విభీషణుఁడు హనుమంతుని వధమును వారించెనే కాని, అంగవైరూప్యము, కశాఘాతము, శిరోముండనము మొదలగు దండములు దూతకుఁ గలవని తానే యొప్పుకొనెను. వాలదహన మట్లు సంభవించినది. నాఁటి రక్ష ప్రాణమాత్రమునకే యనుట స్పష్టము. నేఁటి రక్ష ఋణవ్యవహారమునుగూడఁ గప్పుచున్నది. ఈ విస్తరణమును జూపు నుదంత మొకటి యింగ్లాండు చరిత్రమునఁ గలదు.

1708వ సంవత్సరమున రుష్యా ప్రభువగు జారు పీటరుయొక్క రాయబారి ఆంద్రే మత్వేయెవు లండను విడువ నుద్యుక్తుఁడై యుండఁగా, ఋణదాత లాతని నడివీథిలో బండినుండి బలాత్కారముగాఁ బట్టించిరి. జామీనుమీఁద నతఁడు విడుదల నొందెను. పీటరు కోపించి యపరాధులకు మరణదండనమును గోరెను. కాని యట్టి దండమును విధించు శాసనము లేమిచే నాను రాణి యందుల కశక్తురాలయ్యెను. అంతఁ బార్లమెంటు నూతనశాసన మొకటి చేసి, రాయబారులమీఁదను వారి సేవకులమీఁదను వెలువడు నిర్బంధపుటుత్తరువులు నిరర్థకములనియు, వానిని వెలువరించువారు దండ్యులనియు నిర్ణయించెను. రాయబారి కొలువునఁ జేరిన వర్తకుఁడు మాత్ర మీ రక్షకుఁ బాత్రుఁడు కాఁడు. 1710లో నాంగ్ల రాయబారి విట్‌వర్తు మాస్కోనగరమున జారునకు క్షమాపణము విన్నవించెను.

ఇందు జారునకు మానరక్షణము గలిగెను. ఋణదాత గతి యేమి? సరకిచ్చి సొమ్మడుగుట యధర్మము గాదు గదా!

ఈ చిక్కు వ్యాకరణపరిభాషచే విడఁగలదు. రాజు దూతచేఁ బలికించుచున్నాఁడను వాక్యమున రాజు ప్రయోజకకర్త, దూత ప్రయోజ్యకర్త. రక్ష ప్రయోజకునిది, ప్రయోజ్యుఁడు దాని కాశ్రయమాత్రుఁడు. 1961 నాఁటి వియన్నా యొడంబడిక దీనినే చెప్పుచున్నది. రక్ష వ్యక్తిలాభమునకుఁ గాక కార్యనిర్వహణమునకని పీఠికలోఁ బలికి, దానిని విడుచు నధికారమును బంపిన రాజ్యమునకే యిచ్చినది. రాయబారి సొంతలాభమునకై చేయు వర్తకమున కా రక్ష లేదు. స్వదేశ న్యాయస్థానమునుండి తప్పించుకొనుటయు లేదు. ఐక్యరాజ్యసమితి విషయమున 1946 నాఁటి యొడంబడిక మఱియు స్పష్టముగాఁ బలికినది. ఉద్యోగి రక్ష న్యాయమున కడ్డమై, విడిచినను సమితికి హాని లేనియెడల, దానిని విడుచుట ప్రధానకార్యదర్శికి హక్కు మాత్రమే కాదు, విధియుఁగూడ.

కావున ఋణదాత దూత చేయి పట్టుకొనరాదు. పంపినవాని తలుపు తట్టవలెను. ఆ తలుపు తెఱవకున్నచో దోషము ప్రయోజకునిదే. రక్షను దనదిగాఁ జెప్పుకొను ప్రభువు ఋణమును మాత్రము దూతదని త్రోసివేయుట ధర్మము గాదు.