అతుకు దగ్గర ఇరుకు

బరంపురంలో మా అన్నయ్య ఎడమచేతిలో డయాలిసిస్ కోసం వేసిన గ్రాఫ్టు ఉంది. నేను లెక్కల మనిషిని, వైద్యుణ్ణి కాను. ఆయన కోసమే దాని చరిత్ర చదివాను.

1943లో నెదర్లాండ్స్‌లో కోల్ఫ్ యంత్రం పనిచేసినా, ప్రతిసారీ కొత్త రక్తనాళం కోయవలసి వచ్చేది. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని చేతిలోనే ఉంచేశారు. 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో బృందం ధమనినీ సిరనూ నేరుగా కలిపింది. సిరలు అనుకూలించనివారికి 1970లలో పి.టి.ఎఫ్.ఇ. గ్రాఫ్టు వచ్చింది.

చిక్కల్లా అది సిరతో కలిసే అతుకు దగ్గరే. అక్కడ లోపలి పొర మందమెక్కి దారి ఇరుకవుతుంది, రక్తం గడ్డకడుతుంది. బెలూనుతో వెడల్పు చేసినా మళ్లీ ఇరుకవచ్చు. చేతికి తెలిసే అదురు తగ్గితే ఆలస్యం చేయరాదు.

అందుకే ఫోనులో నా మొదటి ప్రశ్న: "అదురుతోందా, అన్నయ్యా?"