ఫలక్‌నుమా: మహలు నుండి హోటలు దాకా

మన గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు నుండి హైదరాబాదు వెళ్ళిన కుటుంబాలు చార్మినారు, మక్కా మసీదు చూచి, లాడ్‌బజారులో గాజులు కొనుక్కొని తిరుగు రైలు ఎక్కుతాయి. ఆ చార్మినారుకు సుమారు అయిదు కిలోమీటర్ల దూరంలోనే గుట్టమీద ఫలక్‌నుమా మహలు ఉన్నది. నేడది దేశదేశాల శ్రీమంతులు దిగే హోటలు. ఒక నవాబు ఇల్లు హోటలు ఎట్లా అయింది, అందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

ముందుగా పేరు సంగతి. "ఆకాశ దర్పణం" అని చాలామంది తర్జుమా చేస్తారు. మాటకు మాట చూస్తే ఫలక్ అంటే ఆకాశం, నుమా అంటే చూపేది. దారి చూపేవాడు రహనుమా, ఖిబ్లా దిక్కు చూపే పరికరం ఖిబ్లానుమా. అట్లాగే ఆకాశాన్ని చూపేది ఫలక్‌నుమా.

దీన్ని కట్టించినవారు పైగా వంశీయుడు నవాబ్ వికారుల్ ఉమ్రా. నిజాము తర్వాత అంతటి హోదా గలవారు పైగాలు. నిజాము సొంత సైన్యాన్ని పోషించే బాధ్యత వారిది. నిజాముల ఇంటితో వియ్యమందినవారు. ఈ నవాబుగారు తర్వాత హైదరాబాదు సంస్థానానికి దివానుగా కూడా పనిచేశారు. 1884 మార్చి 3న మహలుకు పునాది వేశారు. నక్షా ఇంగ్లీషు వాస్తుశిల్పిది. పాలరాయి ఇటలీది. ఆకారం తేలువంటిదని చెబుతారు. భోజనశాలలో ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చును. గ్రంథాలయంలో పవిత్ర ఖురాన్ ప్రతులు ఎంతో విలువైనవి ఉన్నాయి.

అయితే ఈ వైభవం నవాబుగారిని అప్పులపాలు చేసింది. 1897 ప్రాంతంలో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ అక్కడ అతిథిగా దిగి, ఆ మహలుమీద మనసుపడ్డారు. చివరకు అది నిజాము సొత్తయింది, కట్టించినవారికి సొమ్ము ముట్టింది. 1911లో మహబూబ్ అలీఖాన్ కన్నుమూసింది కూడా అక్కడే. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీలోనే కాపురముండటంతో ఫలక్‌నుమా విడిది ఇల్లుగా మిగిలింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ దిగిన తర్వాత చెప్పుకోదగిన అతిథి లేడు. తలుపులకు తాళాలు పడ్డాయి.

మనిషి మసలని ఇల్లు ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. పైకప్పు కారుతుంది, తివాచీకి పురుగు పడుతుంది. నలభై యాభై ఏళ్ళు అదే జరిగింది. చివరకు తాజ్ హోటళ్ళవారు కౌలుకు తీసుకున్నారు. ఎనిమిదవ నిజాము ముకర్రంజా మొదటి భార్య ఎస్రా బేగం పర్యవేక్షణలో గోడలమీది చిత్రాలు, కొయ్యపని, దీపాలు, కుర్చీలు బాగుచేయటానికి సుమారు పదేళ్ళు పట్టింది. 2010 నవంబరులో 60 గదులతో హోటలు తెరిచారు.

ఇది మంచిదా, చెడ్డదా? గది అద్దె మనబోటివారికి అందేది కాదు, నిజమే. కాని కూలిపోవలసినది నిలిచింది, పనివారికి జీతాలు వస్తున్నాయి. మరో దారి కూడా లేకపోలేదు. అదే ఎస్రా బేగం చౌమహల్లాను బాగుచేయించగా, అది చూపరులకు తెరిచిన మ్యూజియం అయింది. టిక్కెట్టు కొని ఎవరైనా పోవచ్చును. 2010లో యునెస్కో పురస్కారం కూడా వచ్చింది.

ఇక మన జిల్లా సంగతి. కొండవీటి సీమను గోల్కొండ కాలంలో ముర్తజానగర్ అన్నారు. తర్వాత గుంటూరు సర్కారు నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉండి, ఆయన మరణానంతరం 1788లో ఇంగ్లీషువారి చేతికి పోయింది. అమరావతిలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త పట్టణం కట్టించేటప్పుడు పాత బౌద్ధ స్తూపం రాళ్ళు ఊడదీసి వాడుకున్నారు. 1797లో మెకంజీ దొర అక్కడికి వచ్చి ఆ శిల్పాలను గుర్తించాడు. నేడు వాటిలో చాలావాటిని చూడాలంటే మద్రాసో, లండనో పోవాలి. విలువ తెలియనప్పుడు శిల్పం కూడా కట్టుబడి రాయే.

మన ఊళ్ళ పాత మసీదులు, సమాధులు, వక్ఫ్ కాగితాలు ఏ హోటలు కంపెనీకీ పనికిరావు. వాటిలో లాభం లేదు గనుక కౌలు అడిగేవారు రారు. వాటికి దిక్కు మనమే. మీనారుకు రంగు వేయించటానికి చందాలు వస్తాయి, సంతోషమే. కాని ఆ రంగు కిందనే పాత శాసనం పూడిపోతే నష్టం ఎవరిది? ఫారసీ చదవగల పెద్దలు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. వారుండగానే గోడమీది అక్షరాలు, పెట్టెలోని దస్తావేజులు చదివించి, ఉర్దూలోను తెలుగులోను రెండు నకళ్ళు వ్రాయించి పెట్టుకోవాలి. ఉర్దూ బడి పిల్లలకు లిపి తెలుసు గనుక ఆ రాత పని వారు చేయగలరు.

ఫలక్‌నుమాను నిలబెట్టటానికి పదేళ్ళు, కోట్ల రూపాయలు కావలసివచ్చాయి. మన పనికి కావలసింది ఒక నోటుపుస్తకం, ఒక కలం, నెలకొక జుమా మధ్యాహ్నం. సంఘ సభ్యులు తమ తమ ఊళ్ళలో మొదలుపెడితే వచ్చే సంచికలో వేయటానికి మన చరిత్రే మన దగ్గర ఉంటుంది.