ఫోన్ చేస్తే పట్టుకుంటారా? ఒక చట్టం వెనుక కథ

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిన సంగతి, డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

2019 చలికాలం. కెనడాలో వాంకూవర్ పక్కన ఉన్న సర్రేలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌కి సూపర్‌వైజర్‌ని నేను. రాత్రి పదకొండు దాటాక మా సైట్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, వీడు లేస్తలేడు. పెదాలు నీలంగా అయినయి." నడుం నొప్పికని ఎవరో ఇచ్చిన గోలీ వేసుకున్నాడట. ఆ బేస్‌మెంట్‌లో నలుగురు ఉండేవాళ్ళు. అంబులెన్స్‌ను పిలిస్తే వెంట పోలీసులు వస్తారు, వర్క్ పర్మిట్ పోతుంది అని భయపడి ముందు నాకు చేశారు.

నేనేం చేశానో దాచను. పదేళ్ళు గల్ఫ్‌లో చేసి వచ్చినవాణ్ణి, పోలీసంటే అక్కడి భయమే ఇంకా లోపల ఉంది. "ముందు మిగిలిన గోలీలు తీసి పారెయ్యండి, నేను వస్తున్నా" అన్నాను. 911కి చెయ్యండి అన్న మాట నా నోట రాలేదు. పైన ఉండే ఇంటి ఓనర్, పంజాబీ ఆంటీ, గోల విని దిగొచ్చి ఆమే ఫోన్ చేసింది. కుర్రాడు బతికాడు. అంబులెన్స్‌తో పాటు పోలీసులూ వచ్చారు, ఎవరినీ పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదో తెలుసుకుందామని వెతికితే ఈ చరిత్ర దొరికింది.

హెరాయిన్, ఫెంటనిల్ లాంటి మత్తు మందు ఎక్కువైతే మనిషికి ఊపిరి ఆగిపోతుంది. ఊపిరి ఆగిన కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బ తింటుంది. దీనికి విరుగుడు ఉంది. నాలోక్సోన్ అనే మందు, అమెరికాలో 1971 నుంచి అనుమతి ఉన్నదే. అంటే మందు ఎప్పుడో వచ్చింది. మనిషి దగ్గరికి అది చేరేలోపే, పక్కనున్నవాళ్ళ భయం వల్ల ప్రాణం పోతూ వచ్చింది.

ఈ భయం మీద మొదట చట్టం చేసింది అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం. పెద్ద ధనిక రాష్ట్రమేమీ కాదు. దాని ఉత్తరాన రియో అరిబా అనే కౌంటీలో హెరాయిన్ చావులు ఏళ్ళ తరబడి ఊళ్ళను తినేశాయి. 2001లో, నాలోక్సోన్ ఇచ్చి కాపాడినవాడి మీద కేసు ఉండకూడదని ఆ రాష్ట్రం చట్టం చేసింది. 2007లో ఇంకో అడుగు వేసింది. ఓవర్‌డోస్ అయినప్పుడు సహాయం కోసం ఫోన్ చేసినవాడి మీద, పడిపోయినవాడి మీద మందు దగ్గర ఉంచుకున్న కేసు పెట్టకూడదు అని. 2010లో వాషింగ్టన్, 2011లో న్యూయార్క్ అదే దారి పట్టాయి. ఇప్పుడు అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఈ చట్టం ఉంది. వీటిని "గుడ్ సమరిటన్" చట్టాలంటారు. బైబిల్లో దారిన పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి పేరు అది.

కెనడాలో వాటర్లూ ప్రాంతంలో 2012లో ఒక సర్వే చేస్తే, 911కి ఫోన్ చేస్తామన్నవాళ్ళు సగం మంది కూడా లేరు. పెద్ద కారణం పోలీసుల భయం. తరువాత ఫెంటనిల్ వచ్చిపడింది. 2016 ఏప్రిల్‌లో మా బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ ఒక్క ఏడాది ఈ ప్రావిన్స్‌లో దాదాపు 1,000 మంది పోయారు. అందులో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళూ ఉన్నారు, మనలాగా సైట్లలో పని చేసేవాళ్ళూ ఉన్నారు. మా పక్కనే ఉన్న కోక్విట్లమ్ ఎంపీ రాన్ మెకినన్ పెట్టిన బిల్లు 2017 మే 4న చట్టమైంది. మా బేస్‌మెంట్‌లో ఆ రాత్రికి అది వచ్చి రెండేళ్ళు దాటింది. మాలో ఒక్కడికీ తెలియదు.

ఈ భయం మనకు కొత్త కాదు. ఊర్లో రాజీవ్ రహదారి మీద యాక్సిడెంట్ అయితే, స్టేషన్ చుట్టూ తిప్పుతారని బండి ఆపకుండా పోయినవాళ్ళం. అందుకే 2016లో మన సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ, యాక్సిడెంట్‌లో సహాయం చేసినవాణ్ణి వేధించొద్దని చెప్పాల్సి వచ్చింది.

ఇక కెనడా చట్టం ఏం కాపాడుతుందో, ఏం కాపాడదో గుర్తు పెట్టుకోండి. ఫోన్ చేసినవాడికి, పడిపోయినవాడికి, సహాయం వచ్చేసరికి అక్కడున్నవాళ్ళకు, సొంతానికి మందు దగ్గర ఉంచుకున్న కేసు నుంచి రక్షణ ఉంటుంది. మందు అమ్మినవాడికి ఉండదు. పాత వారెంట్ ఉన్నవాడికి దాని నుంచి రక్షణ లేదు. ఇమ్మిగ్రేషన్ ఊసు ఆ చట్టంలో లేదు. గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్ళూ, ఇది మీకు వర్తించదు. మీ దేశం చట్టం ఏమిటో తెలిసినవాళ్ళను ముందే అడిగి పెట్టుకోండి, రాత్రి పదకొండుకి కాదు.

ఇప్పుడు నా సైట్‌లో ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో నాలోక్సోన్ కిట్ ఉంటుంది. కొత్తగా వచ్చిన కుర్రాడికి హెల్మెట్ ఇచ్చేటప్పుడే చెప్తాను: "ఎవడైనా పడిపోతే ముందు 911. తరువాత నాకు." ఆ కుర్రాడు ఇప్పుడు ప్లంబింగ్ పని చేస్తున్నాడు. పండక్కి ఫోన్ చేస్తాడు. ఆ రాత్రి సంగతి వాడు ఎప్పుడూ ఎత్తడు, నేనూ ఎత్తను.