దుర్గమ ప్రాంతాల పైలట్లు

రోడ్డు పడని, రైలు పోని చోట్లకు చిన్న విమానాల్లోనో హెలికాప్టర్లలోనో మనుషుల్ని, మందుల్ని, టపాను, తిండిని చేరవేసే వారిని బుష్ పైలట్లు అంటారు. బుష్ అంటే ఇక్కడ జనం పలచగా ఉండే అడవి, బీడు, మంచునేల. ఈ వృత్తి కెనడా, అలాస్కా, న్యూగినీలలో పెరిగింది. తెలుగునాట ఇది నిత్య జీవనోపాధిగా నిలదొక్కుకోలేదు. అయితే కృష్ణా డెల్టాను ఉప్పెన గానీ వరద గానీ ముంచెత్తినప్పుడు ఇదే పనిని సైనిక దళాల పైలట్లు చేశారు. పెనుమూడి, రేపల్లె, దివిసీమ వాసులకు ఈ విద్య విలువ ఆ రోజుల్లోనే తెలిసింది.

పుట్టుక

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక మిగిలిపోయిన విమానాలు, పని లేని పైలట్లు ఈ వృత్తికి తొలి పెట్టుబడి. 1919 జూన్‌లో స్టూవర్ట్ గ్రాహం నీటిపై వాలే విమానాన్ని నోవాస్కోషియా నుంచి క్విబెక్‌కు తీసుకెళ్ళాడు. దారి చూపింది ఆయన భార్య మాడ్జ్. అడవుల్లో కార్చిచ్చును ఆకాశం నుంచి కనిపెట్టడం ఆ విమానానికి అప్పగించిన పని. అలాస్కాలో 1924 ఫిబ్రవరిలో కార్ల్ బెన్ ఐల్సన్ ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కు తొలి విమాన టపా చేర్చాడు. అంతవరకు కుక్కలు లాగే బండ్లమీద వారాల తరబడి సాగిన ప్రయాణం కొద్ది గంటలకు తగ్గింది. 1929లో సైబీరియా తీరాన మంచులో చిక్కిన ఓడ దగ్గరికి వెళ్తూ ఈ సాహసి విమానం కూలి మరణించాడు.

న్యూగినీ కొండల్లో 1926లో బంగారం వేట ఊపందుకుంది. తీరం నుంచి గనులకు అడవి దారిన నడిచి వెళ్ళడానికి రోజులు పట్టేవి. 1927లో ఏర్పడిన గినీ ఎయిర్‌వేస్ ఆ దూరాన్ని గంటలోపు ప్రయాణంగా మార్చింది. బులోలో నదిలో బంగారం తవ్వే భారీ యంత్రాలను ముక్కలుగా విడగొట్టి, జంకర్స్ విమానాల్లో కొండల మీదుగా మోసి, అక్కడే బిగించారు. తొలి యంత్రం 1932లో పని మొదలుపెట్టింది. గనుల ప్రాంతమైన వావ్‌లోని రన్‌వే కొండవాలున ఉండేది. ఏటికి ఎదురుగా పడవ తోసినట్టు విమానం ఎగువకు పరుగెత్తుతూ దిగాలి, దిగువకు పరుగెత్తుతూ లేవాలి. చివర్లో మనసు మార్చుకుని మళ్ళీ చుట్టి రావడానికి చోటుండదు.

పని తీరు

ఈ పైలట్‌కు కంట్రోల్ టవర్ ఉండదు. దిగబోయే చోటి మీదుగా ముందు ఒకసారి తక్కువ ఎత్తులో ఎగిరి చూస్తాడు. నేలమీద గొడ్లున్నాయా, నీళ్ళు నిలిచాయా, పొయ్యిల పొగ ఎటు వాలుతోంది అన్నవి చూశాకే విమానం దించుతాడు. బరువులు తూచడం, ఇంధనం లెక్క, సరుకు కట్టడం కూడా చాలాసార్లు అతని మీదే పడతాయి. కొద్ది నేలలో లేచి దిగడం కోసమే కెనడాలో డీహావిలాండ్ సంస్థ 1947లో బీవర్‌ను, 1965లో ట్విన్ ఒట్టర్‌ను ఎగరేసింది. చక్రాల బదులు నీటిపై తేలే పడవకాళ్ళో, మంచుకు జారుడు పలకలో వీటికి తగిలించవచ్చు.

భారతదేశంలో

1947లో బిజూ పట్నాయక్ స్థాపించిన కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా విమానాలు నేఫా కొండల్లో, అంటే నేటి అరుణాచల్‌లో, సరుకుల మూటలను గాలిలోంచి జారవిడిచేవి. అక్కడి చిన్న రన్‌వేలకు నేడు వాయుసేన విమానాలు వెళ్తాయి. 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకాకు బయలుదేరిన ఏఎన్-32 విమానం కొండల్లో కూలి 13 మంది చనిపోయారు.

తెలుగునాట

రెండో ప్రపంచయుద్ధ కాలంలో గన్నవరం, దొనకొండ, తాడేపల్లిగూడెంలలో రన్‌వేలు వచ్చాయి. గన్నవరం పౌర విమానాశ్రయంగా ఎదిగింది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10 వేల మంది చనిపోయినట్లు ప్రభుత్వం లెక్క తేల్చగా, ఇంకా ఎక్కువని చెప్పిన అంచనాలూ ఉన్నాయి. సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. రేపల్లె వైపు నుంచి దివిసీమకు రావాలంటే అప్పట్లో పెనుమూడి రేవులో పడవ ఎక్కి కృష్ణ దాటాలి. పడవలు, దారులు రెండూ పోయిన ఆ రోజుల్లో హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచాయి. ఇది చూసినంత తేలిక కాదు. బాగా కిందికి దిగితే రెక్కల గాలికి గుడిసెల కప్పులు లేచిపోతాయి, పైనుంచే వదిలితే పొట్లం బురదలో పగిలిపోతుంది. డెల్టాలో వరదనీటి మధ్య పొడిగా మిగిలేది కరకట్ట ఒక్కటే. ఆ సన్నటి గట్టుమీదే జనం, గొడ్లు, సామాను అంతా ఉంటాయి. వారిని తొక్కిసలాటకు గురిచేయకుండా పొట్లం పక్కగా పడేలా వదలడంలోనే పైలట్ నేర్పు కనిపిస్తుంది.

1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర మరో పెనుతుపాను తీరం దాటింది. ముందస్తు హెచ్చరికలు, పెద్ద ఎత్తున తరలింపు వల్ల మృతులు 967కు పరిమితమయ్యారు.

ఈ నేల మీద ఎగరడంలోని ప్రమాదాన్ని రెండు దుర్ఘటనలు చూపాయి. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర కొవ్వాడలంక చేపల చెరువులో కూలి ఆయన మరణించారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సహా అయిదుగురితో బయలుదేరిన హెలికాప్టర్ చెడు వాతావరణంలో నల్లమలలో కూలింది. దాని జాడ మర్నాడు ఉదయం పావురాలగుట్టపై దొరికింది.

ఆకాశమార్గాన ఆదుకోవడానికి తర్వాత చేసిన ఏర్పాట్లు మెచ్చదగినవి. 16వ జాతీయ రహదారిపై కొరిశపాడు, రేణింగవరం మధ్య 4.1 కిలోమీటర్ల మేర అత్యవసర రన్‌వే నిర్మించారు. 2022 డిసెంబరు 29న అక్కడ తొలి ప్రయోగం జరిగింది, 2024 మార్చి 18న వాయుసేన రవాణా విమానాలు దిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు హెలికాప్టర్లతోపాటు డ్రోన్లు కూడా మేడలపై చిక్కిన వారికి తిండి, నీళ్ళు అందించాయి. అదే ఏడాది నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి నీటి విమానం ప్రదర్శనగా ఎగిరింది. అది ట్విన్ ఒట్టర్. కెనడా సరస్సుల కోసం పుట్టిన విమానం అలా కృష్ణ మీద వాలింది.

ప్రస్తుత స్థితి

కెనడాలో రోడ్డు పడిన చోట పని తీరిపోవడంతో బుష్ పైలట్ మరింత లోపలికి వెళ్ళాడు. డెల్టాలో పరిస్థితి వేరు. పెనుమూడి–పులిగడ్డ వంతెన మీదుగా 216వ జాతీయ రహదారి సాగుతున్నందున మామూలు రోజుల్లో దివిసీమకు విమానం అక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తి, కింద లంకలు మునిగి, ప్రవాహంలో పడవ నిలవలేనప్పుడు మాత్రం కరకట్టమీద ఉన్న మనిషి ఆకాశం వైపే చూస్తాడు.