ఐసన్‌హోవర్ ఇంటిపేరులో ఇనుము

"మీ ఇంటిపేరుకి అర్థం ఏమిటి?" అని ఇక్కడ బళ్ళో అడిగితే మన పిల్లలు ఏదో ఒక ఊరి పేరు చెప్పి ఊరుకుంటారు. ఈ వారం ఒక అమెరికా అధ్యక్షుడి ఇంటిపేరు విప్పి చూద్దాం.

1953 నుంచి 1961 దాకా అధ్యక్షుడిగా ఉన్న డ్వైట్ ఐసన్‌హోవర్ పూర్వీకులది జర్మనీలో సార్ ప్రాంతపు కార్ల్స్‌బ్రున్ అనే పల్లె. వాళ్ళు 1741లో ఓడెక్కి పెన్సిల్వేనియా చేరారు. అప్పుడు వాళ్ళ ఇంటిపేరు ఐజన్‌హౌవర్. "ఐజన్" అంటే ఇనుము, "హౌవర్" అంటే నరికేవాడు, కొట్టేవాడు. ఇనుప పనివాడన్నమాట. ఆ వంశం వాడే 1944 జూన్ 6న జర్మన్ సేనల మీదకి నార్మండీ తీరంలో సైన్యాన్ని దింపాడు!

జర్మన్‌లో "ఏ-యూ" అని రాసి "ఔ" అని పలుకుతారు. ఇంగ్లీషు చదివేవాడికి అది తెలియదు. అమెరికాలో ఆ చోట "ఓ-డబ్ల్యూ" వచ్చి కూర్చుంది. పలుకు దక్కింది గాని అర్థం పోయింది. పాత స్పెల్లింగు చూస్తే జర్మన్ పిల్లవాడైనా అర్థం చెప్పగలడు, కొత్తదాన్ని చూస్తే తడుముకుంటాడు. మన లిపిలో "ఔ" నిక్షేపంలా ఉంది, అయినా మన పత్రికలు "హోవర్" అనే రాశాయి! పలకడం కష్టమని ఇంటిపేరులో రెండక్షరాలు తీసేద్దామనుకునే మనవాళ్ళు నాకు తెలుసు. తీసే ముందు అసలు పేరు తెలుగులో రాసి, ఊరి పేరుతో సహా పిల్లలకి ఇవ్వండి.

జర్మన్ "ఐజన్", ఇంగ్లీషు "ఐరన్" ఒక తల్లి పిల్లలే. ఆ తల్లి మాట "ఈసర్నన్" కూడా జర్మనిక్ జాతుల సొంతం కాదనీ, కెల్టుల నుంచి తెచ్చుకున్నదనీ ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. ఐరిష్‌లో ఇనుమును ఇప్పటికీ "ఇయరన్" అంటారు. క్రీస్తుకు పూర్వం ఇనుప పనిలో ఆరితేరిన కెల్టుల దగ్గర నుంచి సరుకుతోపాటు మాటా వచ్చిందన్నమాట.

మన మాటా అలాగే ప్రయాణం చేసింది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారైన ఉక్కు పర్షియా దాకా వెళ్ళి కత్తులయ్యేది. 1795లో లండన్ రాయల్ సొసైటీలో చదివిన ఒక వ్యాసంలో మన దేశపు ఉక్కును "ఊట్జ్" అన్నారు. అది కన్నడంలో, తెలుగులో ఉన్న "ఉక్కు" అనే మాటకే వచ్చిన తిప్పలని చాలామంది అంటారు.